నది వెనక్కి పోయిన పుస్తకం

బొమ్మల కథలు గీస్తామని నా దగ్గరకు వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పే మాట ఒక్కటే. ముందు పుస్తకం కుట్టు ఎటువైపు వస్తుందో చూసుకోండి, ఆ తర్వాత కుంచె పట్టండి. వాళ్లు నవ్వుతారు. గుర్రం కాళ్లు ఎలా మడవాలో, రాక్షసుడి కనుబొమలు ఎలా ముడవాలో అడుగుదామని వస్తే ఈ ముసలాయన కుట్టు గురించి మాట్లాడతాడేమిటని మొహాలు చూసుకుంటారు. గుర్రం కాళ్లు ఎవరైనా నేర్పుతారు నాయనా. కుట్టు సంగతి నాకు నేర్పిన పుస్తకం ఒకటుంది. అది నేర్చుకోవడం వల్ల నాకు పోయింది ఒక మనిషి.

నేను డ్రాయింగు మాస్టరుగా రిటైరయ్యాను గానీ నా మొదటి నౌకరీ బడిలో కాదు. వికారాబాదు స్టేషను దగ్గర ఒక రాతి అచ్చు ప్రెస్సులో. పోలీసు యాక్షన్ జరిగి అప్పటికి కొన్నేళ్లయింది. మర్పల్లి నుంచి వచ్చి చాయ్ హోటళ్లకు బోర్డులు, డేరా సినిమాలకు గుడ్డ మీద బొమ్మలు వేసి బతుకుతుండేవాణ్ని. చేతిలో పని అంతంతమాత్రం, పొగరు మాత్రం ఆకాశమంత. ఎవరైనా బొమ్మ బాగాలేదంటే రంగు డబ్బా అక్కడే పెట్టి వెళ్లిపోయేవాణ్ని. అలా వదిలేసిన సగం బోర్డులు వికారాబాదులో చాలాకాలం కనిపించేవి.

ఆ ప్రెస్సు నిజాం కాలంలో ఉర్దూ పుస్తకాలు, సర్కారు కచేరీ కాగితాలు అచ్చువేసేది. యజమాని అమ్ముకుని వెళ్లిపోతే తాండూరులో పప్పు మిల్లున్న ఒక సేటు కొన్నాడు. కందిపప్పు సంచులకు లేబుళ్లు సొంతంగా వేసుకోవచ్చని ఆయన లెక్క. ఇల్లు కొంటే ఇంట్లో పిల్లి కూడా వచ్చినట్టు, ప్రెస్సుతో పాటు కాతిబ్ సాబ్ కూడా వచ్చాడని సేటు నవ్వుతూ అనేవాడు. ఆ మాట ఆయన ముందు మాత్రం అనేవాడు కాదు.

కాతిబ్ అంటే అచ్చుకు చేత్తో రాసిచ్చే లేఖకుడు. అక్షరాలు పోతపోసిన సీసం అచ్చులు ఆ ప్రెస్సులో లేవు. పసుపు పూత పూసిన కాగితం మీద జిడ్డు సిరాతో రాస్తే, ఆ కాగితాన్ని నున్నటి రాతి మీద బోర్లించి గట్టిగా అదిమితే రాత రాతికి అంటుకునేది. తర్వాత ఆ రాయే అచ్చు. పని అయిపోయాక ఇసుక, నీళ్లు పోసి ఇంకో రాతితో రుద్దితే పాత రాత పోయి మళ్లీ కొత్త పలక. కాతిబ్ సాబ్ చిన్నప్పటి నుంచీ ఆ కిటికీ పక్కన చాప మీద కూర్చుని, మోకాలి మీద పలక పెట్టుకుని, రెల్లు కలంతో రాస్తూ వచ్చారు. నేను ఎప్పుడు దగ్గరకు వెళ్లినా తల ఎత్తకుండా ఒకటే మాట అనేవారు.

“జర ఎల్తురు ఇడువు, పెయింటర్.”

ఆ కిటికీ వెలుగుకు నేనెప్పుడూ అడ్డమే. మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత తర్వాత ఆ మాట వినకపోతే పొద్దు గడిచినట్టు ఉండేది కాదు. ఆయన్ని చిచ్చా అని, అంటే బాబాయ్ అని, పిలిచేవాణ్ని.

కచేరీ కాగితాల్లో ఉర్దూ తగ్గిపోయింది. ఆయన చేతికి పని తగ్గింది. కరాచీలో ఉన్న తమ్ముడు వచ్చేయమని పిలుస్తూనే ఉన్నాడు. చిచ్చాకు వెళ్లాలని లేదు. “మా అమ్మ, మా అబ్బా ఈడ మన్నులనే ఉన్నరు. ఈడ నా చేతికి పని ఉన్నన్నాళ్లు నేను కదల” అనేవారు. సేటు మాత్రం సీసం అక్షరాల మిషను ఒకటి చూసి పెట్టుకున్నాడు. రాళ్లు అమ్మేసి అది కొనాలని ఆయనకు ఉబలాటం. అది వస్తే కాతిబ్‌తో పనేముంది?

అలాంటి సమయంలో ఆ నవల వచ్చి పడింది.

తాండూరు స్టేషనులో గూడ్సు గుమాస్తాగా పనిచేసే ఒకాయన రాసిన నవల అది. ఇటుకంత లావుండేది. తాండూరులో ఎటు చూసినా బండలే కదా, అక్కడి మనిషికి రాతి నగరం కాక ఇంకేం తోస్తుంది? భూమి కింద బండలతో కట్టిన నగరం, దాన్నేలే రాక్షసరాజు. అనంతగిరి గుట్టల్లో పుట్టిన నదిని వాడు దొంగిలించి రాతిలో దాచేస్తాడు. గొర్రెలు కాచే ఇంటి పిల్ల ఒకతె తల్లికి చెప్పి, నదిని తేవడానికి కిందికి దిగుతుంది. దారిలో ఐదు దర్వాజలు. ఒక్కో దర్వాజ దగ్గర కాపలావాడు ఒక్కో వస్తువు ఇమ్మంటాడు. మొదట గొంగడి. తర్వాత కాళ్ల కడియాలు. తర్వాత నీడ. తర్వాత గొంతు. ఆఖరున పేరు. అన్నీ ఇచ్చేసి, తానెవరో తనకే తెలియని స్థితిలో నది ముందు నిలబడి, రాయి బద్దలు కొట్టి దాన్ని విడిపిస్తుంది. నది పైకి వస్తుంది. పిల్ల రాదు. “ఊరికి నీళ్లు ఊరికే రావు. ఎవరో ఒకరు ఇచ్చుకుంటేనే వస్తయి” అనేవాడు గుమాస్తా. నవల మొత్తం ఆ మాట కోసమే రాశానని చెప్పేవాడు.

సేటు వాళ్లమ్మకు ఆ నవలంటే ప్రాణం. కోడలి చేత రోజూ మధ్యాహ్నం చదివించుకునేది. ఒకరోజు కొడుకుతో, “నాకు అచ్చరం రాదు, కోడలు సదివితే ఇన్న. కోడలు లేనోళ్లు ఏం జెయ్యాలె? బొమ్మలేయించి పుస్తకం జెయ్యి. సూసి తెలుసుకుంటరు” అందట. తల్లి మాట సేటుకు వేదం. కార్తీకంలో అనంతగిరి జాతర నాటికి మొదటి పుస్తకం రావాలన్నాడు. రాక్షసరాజు పుట్టుక, యుద్ధాలు తర్వాత పుస్తకాల్లో వేద్దాం, ముందు పిల్ల కథ వేద్దామన్నాడు. నన్ను బొమ్మలకు పెట్టాడు. మాటలు రాయడానికి కాతిబ్ సాబ్.

“గీ బుక్కు నడిస్తే రాళ్లుంటయి, కాతిబ్ సాబూ ఉంటడు. నడవకపోతే సీసం మిషను తెస్త. ముందుగాలనే చెప్తున్న” అన్నాడు సేటు, మా ఇద్దరినీ నిలబెట్టి.

ఇంత లావు నవలను చిన్న బొమ్మల పుస్తకంలోకి దించడమంటే ఏనుగును ఎలుక బొరియలోకి దించడమే. గుమాస్తా ఆదివారం ఆదివారం తాండూరు నుంచి పాసింజరులో వచ్చి, చంకలో నవల పెట్టుకుని, నేనేం వదిలేశానో వెతికేవాడు. పిల్ల కిందికి దిగే దారిలో వంద రాతి ఏనుగులు ఎదురయ్యే ఘట్టం ఒకటుంది. నేను ఒక్క ఏనుగు తొండం, కన్ను పేజీ నిండా వేసి, వెనక దుమ్ము వేశాను.

“తక్కినయి ఏవి?” అన్నాడు గుమాస్తా.

“దుమ్ముల ఉన్నయి సార్.”

ఆయన చాలాసేపు ఆ దుమ్ము వైపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. “ఉంటే ఉండనీ” అన్నాడు చివరికి. ఆ రోజు నుంచి మాకు స్నేహం కుదిరింది. పిల్లలూ, ఇది మాత్రం రాసిపెట్టుకోండి. ఏనుగులన్నీ గీయనక్కర లేదు, ఉన్నాయని నమ్మించాలి.

చిచ్చాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నేను పలక మీద అక్షరం రాసిస్తే ఆయన బొమ్మ చూసి బొమ్మ వేసినట్టు దించేవారు. “మీ అచ్చరాలు కూసుంటయి మియా. మావి నడుస్తయి” అని విసుక్కునేవారు. మనిషి నోటి దగ్గర గీత గీసి మాటల్ని గుండ్రంగా చుట్టడం చూసి ఆయనకు నవ్వాగలేదు. “మాటను సంచిల మూట గడ్తవా? గిదేం తమాషా?” అన్నారు. నాకు మండింది. సిటీలో దొరికే ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చి ఆయన ముందు పడేశాను. ఆయన తిరగేసి, “సరే, వాళ్లకు పనిలేదు. నీకు గూడ లేదు” అని కలం అందుకున్నారు. పట్టుదల గల మనిషి. నెల తిరిగేసరికి ఆయన తెలుగు నా తెలుగు కన్నా చక్కగా కూర్చుంది.

నాలుగో దర్వాజ దగ్గర మాకు పెద్ద చిక్కు వచ్చింది. గొంగడి తీసేస్తే కనబడుతుంది, కడియాలు తీసేస్తే కనబడుతుంది, నీడ కూడా గీయకపోతే సరి. గొంతు ఇచ్చేసిందని బొమ్మలో ఎలా చూపించాలి? పేరు పోయిందని ఎలా గీయాలి? చదువు రానివాళ్ల కోసం కదా ఈ పుస్తకం, కింద రెండు లైన్లు రాసి తప్పించుకుందామంటే కుదరదు. రెండు రోజులు గోళ్లు కొరుక్కున్నాను.

చిచ్చా నేను చెప్పే కథ వింటూ తన పని చేసుకునేవారు. ఉన్నట్టుండి, “నీ సంచి ఉన్నది గద. ఆమె మూతి కాడ సంచి గియ్యి, లోపట ఏం రాయకు” అన్నారు. గొంతు పోయిన తర్వాత పిల్ల మాట్లాడబోయిన ప్రతిచోటా ఖాళీ సంచి. పేరు సంగతి కూడా ఆయనే తేల్చారు. నేను వేసిన ప్రతి బొమ్మలో పిల్ల పావడా అంచుకు ఆమె పేరును పూలతీగలా అల్లి, సన్నగా, మళ్లీ మళ్లీ రాశారు. దగ్గరగా చూస్తే తప్ప అవి అక్షరాలని తెలియదు. ఐదో దర్వాజ దాటాక అంచు బోసి. అంత చిన్న రాత కోసం ఆయన కలం మొన వెంట్రుకలా చెక్కుకునేవారు. నేను వంగి చూడబోతే, “ఎల్తురు, పెయింటర్, ఎల్తురు” అనేవారు.

ఇంత ఆలోచించిన వాళ్లం ఒక్కటి మాత్రం ఆలోచించలేదు.

పెద్ద కాగితం మీద పేజీలన్నీ ఒకేసారి అచ్చవుతాయి. దాన్ని మడిచి, కోసి, కుడితే పుస్తకం. ఏ పేజీ ఎక్కడ పడితే మడతలో వరసగా వస్తుందో ముందే చూసుకుని రాతి మీద పేర్చాలి. ఆ పేర్చడం చిచ్చా పని. ఆయన చేతులు జీవితమంతా ఉర్దూ పుస్తకాలు పేర్చాయి. ఉర్దూ పుస్తకానికి కుట్టు కుడివైపు ఉంటుంది, కుడి నుంచి మొదలవుతుంది. ఆయన చేతులు తమకు తెలిసిన చోటే మొదటి పేజీని పెట్టాయి. ఆ ప్రెస్సులో అంతకుముందు తెలుగులో వచ్చినవన్నీ ఒంటి కాగితాలే. లేబుళ్లు, కరపత్రాలు. తెలుగు పుస్తకమన్నది ఇదే మొదటిది. మిషను తిప్పేవాళ్లకు గానీ, కుట్టేవాళ్లకు గానీ, పక్కనే నిలబడ్డ నాకు గానీ అనుమానం రాలేదు. ఒక్కో పేజీ విడిగా చూసి మురిసిపోయాం. పేజీల అంకెలన్నా ఉంటే పట్టుబడేది. బొమ్మల చుట్టూ అంచు గీసి అంకెలకు చోటు లేకుండా చేసింది నా కళాహృదయం.

అట్ట మాత్రం రంగుల్లో కావాలని సేటు హైదరాబాదులో వేయించాడు. అక్కడివాళ్లు తెలుగు పుస్తకాలు ఎరిగినవాళ్లు. ఎడమవైపు కుట్టుకు సరిపోయేలా వేసి పంపారు. జాతర ముందు రోజు సాయంత్రం హడావుడిగా ఆ అట్టకూ ఈ పేజీలకూ పెళ్లి చేశాం. కట్టలు కట్టి బండికెక్కించాం. తెలుగు అట్ట, లోపల ఉర్దూ వరస. అట్ట తెరిస్తే వచ్చేది కథ చివరి పేజీ.

జాతర పొద్దున చిచ్చాను రమ్మంటే, “దేవుని జాతరకు నేనెందుకు మియా, నలుగురు నాలుగు మాటలంటరు” అని వెనకాడారు. ఆ రోజుల్లో ఆయన భయం ఉట్టిది కాదు. నేనే బలవంతం చేశాను. పెట్టె అడుగు నుంచి నల్ల షేర్వానీ తీసి వేసుకుని, బండి వెనకే నడుస్తూ గుట్ట ఎక్కారు. చెట్ల మధ్య ఆగి ఆగి, “నది గీ గుట్టలనేనా పుట్టేది?” అని అడుగుతూ వచ్చారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను ముందెప్పుడూ చూడలేదు.

అట్ట మీద రాక్షసుడు నిప్పులు కక్కుతున్నాడు. జనం ఎగబడి కొన్నారు. బోణీ బ్రహ్మాండమని సేటు మీసం దువ్వుకున్నాడు. ఆ మీసమే రాక్షసుడికి పెట్టానన్న సంగతి ఆయన ఎప్పుడూ గమనించలేదు. ఇంతలో గుమాస్తా భార్యతో వచ్చాడు. పట్టు కండువా వేసుకున్నాడు. పుస్తకం రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుని అట్ట తెరిచాడు.

నది పైకి వచ్చే పేజీ. ఆయన తర్వాతి పేజీ తిప్పాడు. తర్వాతిది తిప్పాడు. ముఖం మారింది. ఆ పుస్తకం కింద పెట్టి ఇంకొకటి తీశాడు. అదీ అంతే. మరొకటి.

“ఇదేంది?” అన్నాడు నాతో.

నేను లాక్కుని చూశాను. కథ చివరి నుంచి మొదటికి నడుస్తోంది.

బండిలో పరుపు మీద కూర్చున్న సేటు వాళ్లమ్మ కూడా ఒకటి తెప్పించుకుని చూస్తోంది. చదువు రాదు కాబట్టి అట్ట తెరిచి వరసగా బొమ్మలు చూసుకుంటూ పోయింది. ఆఖరి బొమ్మ దాకా నది మళ్లీ బయటికి రాకపోయేసరికి గుండెల మీద చెయ్యేసుకుంది.

“గంగను మల్ల బండల వెట్టి మూసిండ్రు గద రా! ఏ గుట్టల పుట్టిందో గా గుట్ట మీదనే అమ్ముతున్నరా? వానలు పడ్తయా ఇగ?”

చుట్టూ ఉన్నవాళ్లు విన్నారు. సేటు ముఖం నల్లబడింది. “ఎవడు పేర్చిండు గివి?” అని అరిచాడు.

“నేను” అన్నారు చిచ్చా.

గుంపులోంచి ఎవడో, “ఉర్దూ సాబ్ గద, ఉల్టనే పెడ్తడు” అన్నాడు. నవ్వులు. నాకు కోపం తలకెక్కింది. “అందరం సూసినం! సేటు సూసిండు, నేను సూసిన, కుట్టినోళ్లు సూసిండ్రు! ఒక్కని మీద ఎట్ల తోస్తరు?” అని ఎగిరాను. నలుగురిలో నన్ను కూడా కలుపుతావా అని సేటు ఇంకా మండిపడ్డాడు. చిచ్చా నా భుజం మీద చెయ్యి వేసి, “చుప్, పెయింటర్. నా చెయ్యి దానికి ఎరుకైన తొవ్వల పోయింది. అది నా చెయ్యే” అన్నారు.

గుమాస్తా చెడ్డవాడు కాదు. కానీ ఆ పూట ఆయన మనసు విరిగింది. ఆయన చిచ్చాకు ఎదురుగా వచ్చి నిలబడి, “నా పిల్లను ఇంటికి మర్లగొట్టిండ్రు గద సాబ్. ఆమె ఇచ్చినయన్ని మల్ల ఆమె చేతులనే పెట్టిండ్రు. ఇగ నా కథ ఏడున్నది?” అన్నాడు. చిచ్చా షేర్వానీ గుండీలు ఒకసారి తడుముకుని, గుట్ట దిగి నడుచుకుంటూ వెళ్లిపోయారు. వెంట వెళ్దామంటే సేటు నన్ను కట్టల దగ్గర నుంచి కదలనివ్వలేదు.

బాగుచేయడానికి నేను చేయని ప్రయత్నం లేదు. వెనక నుంచి తెరిచి చూడమని చెప్పి అమ్ముదామంటే కథ మొదటి పేజీకి ముందు వెనక అట్ట మీది సేటు కందిపప్పు ప్రకటన వస్తుంది. కొత్త అట్టలు వేయించమంటే, వానలు పడవని తల్లి అన్న పుస్తకం జోలికి సేటు ఇక రానన్నాడు. గుమాస్తాను ఒప్పిద్దామని తాండూరు వెళ్లాను. ప్లాట్‌ఫారం మీదే నిలబెట్టి చాయ్ తాగించి పంపించాడు. పుస్తకం మాటే ఎత్తనివ్వలేదు. తర్వాత ఆయనకు ఎక్కడికో బదిలీ అయింది.

రాళ్లకు బేరం కుదిరింది. శుభ్రంగా రుద్ది ఇవ్వాలని కొనేవాళ్లు అడిగారు. ఆ పని కూడా చిచ్చాయే చేస్తానన్నారు. ఇద్దరం కూర్చుని ఇసుక, నీళ్లు పోసి రుద్దాం. మా పుస్తకం పేజీలు ఇంకా రాతి మీదే ఉన్నాయి. ఏనుగు కన్ను పోయింది, దర్వాజలు పోయాయి, ఖాళీ సంచులు పోయాయి. పిల్ల పావడా అంచు ఉన్న చోటికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. తడి బొటనవేలితో ఆ సన్నటి రాతను ఒకసారి నిమిరారు. మళ్లీ ఇసుక చల్లి రుద్దారు. ఆ పుస్తకం ఒక్కటి కూడా ఆయన ఇంటికి తీసుకుపోలేదు. జాతర తర్వాత తెరిచి చూడనూ లేదు.

ఆయన్ని ఆపడానికి నా దగ్గర ఏముంది? బోర్డులు రాద్దాం, ఇద్దరం కలిసి బతుకుదామన్నాను. “నీ బోర్డులు సగం సగముంటయి గద” అని నవ్వారు. నవ్వుతూనే ఏడ్చాను. కొన్నాళ్లకు ఒక పొద్దున బేగంతో, ఒక ట్రంకు పెట్టెతో, కరాచీలో తమ్ముడి దగ్గరకు పోవడానికి, బొంబాయి వైపు వెళ్లే బండి ఎక్కారు. బండి కదులుతుంటే కిటికీలోంచి, “తాండూరు దాటంగనే బండలొస్తయి గద. నీ పిల్ల కనబడుతదేమో సూస్త” అన్నారు. ఆ తర్వాత ఆయన సంగతి నాకు తెలియదు. అడుగుదామంటే తెలిసినవాళ్లూ లేరు.

నేను పరీక్షలు రాసి డ్రాయింగు మాస్టరునయ్యాను. చాలా ఏళ్లకు తాండూరు బడికి వేశారు. జనాభా లెక్కలకు మాస్టర్లనే పంపేవారు కదా, నాకు యాలాల్ వైపు ఊళ్లు పడ్డాయి. ఒక మధ్యాహ్నం గొర్రెలు కాచేవాళ్ల ఇంటి ముందు ఆగాను. వాకిట్లో ఒకామె బొచ్చు ఏకుతూ, ఒళ్లో పిల్లకు కథ చెబుతోంది. ఇంట్లో మగవాళ్లు వచ్చేదాకా కూర్చోమని మంచం వాల్చింది. మళ్లీ కథ అందుకుంది.

“గా పిల్లకు పేరు లేదు, నోరు లేదు, నీడ గూడ లేదు. నది కాడ ఒక్కతే ఉన్నది. ఇగ నడుసుకుంట వచ్చింది. ఒక దర్వాజ కాడ కాపలాయన ఉండె. ఆమె పేరు ఆమెకు ఇచ్చేసిండు. ఇంకో దర్వాజ కాడ నోరు ఇచ్చిండ్రు. అప్పుడు మాట్లాడింది...”

నీడ వచ్చింది. కడియాలు వచ్చాయి. చివరి దర్వాజ దగ్గర గొంగడి కప్పారు. పిల్ల గొర్రెల్ని అదిలించుకుంటూ ఇంటికి వస్తే తల్లి వాకిట్లో నిలబడి ఉంది.

నేను లెక్కల కాగితాలు పక్కన పెట్టాను. “ఈ కథ ఏడిదమ్మా?” అన్నాను.

“బొమ్మల బుక్కు సార్. నా సిన్నప్పుడు మా నాయిన అనంతగిరి జాతరల తెచ్చిండు. సదువు రాదు గని, బొమ్మలు సూసి సూసి నోటికొచ్చింది. పిల్ల పావడ అంచుకు తీగ ఉండె సార్. ముందుగాల ఉండకపోయేది. పేరొచ్చినంక వచ్చింది.”

“మరి నది?” అన్నాను.

“నది మల్ల బండలకు పోయింది.”

“పోతే ఎట్ల?”

ఆమె నన్ను వింతగా చూసింది. “పోతేంది సార్? ఎండకాలం పోతది, వానకాలం వస్తది. నది ఏడికి పోతది? పిల్ల ఇంటికొచ్చింది, గది సాలదా?” అంది. ఒళ్లో పిల్ల, “మల్ల చెప్పవే” అని గుంజింది.

ఆ సాయంత్రం తాండూరు స్టేషనులో బెంచీ మీద కూర్చుండిపోయాను. చిచ్చా చేయి పొరపాటున పేర్చిన కథ ఒక ఇంట్లో బతికే ఉంది. అంచుకు ఆయన అల్లిన తీగను కూడా ఒక చూపు పట్టుకుంది. ఈ ఒక్క మాట ఆయన చెవిన వేయగలిగితే చాలు, నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది. ఎక్కడని వెతకను? ఆ దుఃఖం నాకు ఇప్పటికీ తీరలేదు.

అందుకే పిల్లలూ, అప్పుడప్పుడు నేనూ ఆ పుస్తకం చూసినట్టే ఆ రోజుల్ని చివరి పేజీ నుంచి చూసుకుంటాను. బొంబాయి వైపు వెళ్లిన బండి వెనక్కి వెనక్కి వచ్చి వికారాబాదులో ఆగుతుంది. చిచ్చా ట్రంకు పెట్టెతో దిగుతారు. ఇద్దరం ప్రెస్సుకు నడుస్తాం. ఆయన రాతి మీద ఇసుక తుడుస్తుంటే ఏనుగు కన్ను వస్తుంది, దర్వాజలు వస్తాయి, పిల్ల వస్తుంది. గుట్ట మీద గుమాస్తా పుస్తకాన్ని కళ్లకద్దుకుంటాడు. షేర్వానీ పెట్టెలోకి పోతుంది. ఇక మిగిలేది కిటికీ, చాప, మోకాలి మీద పలక. ఆయన కలం ముంచుతారు. నేను చూద్దామని వంగుతాను.

“జర ఎల్తురు ఇడువు, పెయింటర్.”

జరుగుతాను చిచ్చా. ఇదిగో, జరిగాను.